వెచ్చదనం ఇంటికా... ఒంటికా?

బయట ఎముకలు కొరికే చలి. ఇంట్లో మీట తిప్పితే చాలు, గదిగదీ వెచ్చబడుతుంది. అయినా తిప్పరు! స్వెట్టర్లు తొడుక్కుని, రగ్గులు కప్పుకుని, హాట్ వాటర్ బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. బ్రిటన్‌లో ఎన్నో కుటుంబాలు చలికాలాన్ని నెట్టుకొస్తున్న తీరిది. చదువులకీ ఉద్యోగాలకీ అక్కడికి వెళ్లిన మన పిల్లలదీ అదే దారి.

‘అమ్మా... రెండు స్వెట్టర్లు వేసుకుని, రగ్గు కప్పుకుని కూర్చున్నా.’
‘అదేంట్రా... ఇంట్లో హీటర్ లేదా?’
‘ఉంది. వెయ్యట్లేదు!’

లండన్‌లోనో లెస్టర్‌లోనో చదువుకుంటున్న అబ్బాయికీ, గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న అమ్మకీ మధ్య ఇలాంటి మాటలు నడిస్తే ఆ తల్లికి ఆ రాత్రి నిద్ర పడుతుందా? అసలు హీటర్ ఉండి కూడా ఎందుకు వెయ్యరు? వెయ్యకుండా ఎలా ఉంటారు? అలా ఉండటం మంచిదేనా?

మనకి చలంటే మహా అయితే రెండు నెలల ముచ్చట. తెల్లవారుజామున దుప్పటి ముసుగు తీయబుద్ధి కాదు. పొద్దెక్కేసరికి ఎండ కాచి అంతా మామూలే. అక్కడ అలా కాదు. అక్టోబరులో మొదలైన చలి ఏప్రిల్ దాకా వదలదు. డిసెంబరులో లండన్‌లో సాయంత్రం నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. అందుకే అక్కడ ఇల్లంటే గోడలూ కప్పూ మాత్రమే కాదు, సెంట్రల్ హీటింగ్ కూడా.

ఆ ఏర్పాటు చాలా సులువైంది. వంటింట్లోనో మెట్ల కిందో ఒక బాయిలర్ ఉంటుంది. అది గ్యాస్‌ని మండించి నీళ్లు కాస్తుంది. ఆ వేణ్నీళ్లని పంపు గొట్టాల్లోంచి అన్ని గదుల్లోని రేడియేటర్లలోకి పంపిస్తుంది. అక్కడ వేడిని వదిలేసి చల్లబడిన నీళ్లు మళ్లీ బాయిలర్‌కి చేరతాయి. గోడమీద ఉండే థర్మోస్టాట్‌ని ఎన్ని డిగ్రీల దగ్గర పెడితే ఇల్లు అంత వెచ్చగా ఉంటుంది. తిరిగేది నీళ్లే... కానీ దాంతోపాటే గ్యాస్ మీటరూ గిర్రున తిరుగుతుంది!

బిల్లు పుట్టించిన చలి

ఈ సుఖం బ్రిటన్ వాళ్లకీ తాతల కాలం నాటిదేమీ కాదు. 1970 ప్రాంతంలో సెంట్రల్ హీటింగ్ ఉన్న ఇళ్లు అక్కడ మూడో వంతుకి అటూ ఇటూగానే ఉండేవి. ముందుగదిలో బొగ్గులు మండుతుంటే ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరేవారు. పడగ్గదిలో మాత్రం చలి చలే. తెల్లారేసరికి కిటికీ అద్దాలకి లోపలివైపున మంచు పూలు పూసేవి. ఆ తర్వాత గ్యాస్ చవగ్గా దొరకడంతో బాయిలర్లు ఊరూరా వెలిశాయి. ఇల్లంతా ఒకేలా వెచ్చగా ఉండటం అలవాటైపోయింది.

ఆ అలవాటుకి 2022లో పెద్ద దెబ్బే తగిలింది. అంతకుముందే పెరుగుతున్న గ్యాస్ ధర, ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా దండెత్తడంతో ఆకాశాన్నంటింది. బ్రిటన్‌లో గ్యాస్, కరెంటు ధరలకి ఆఫ్‌జెమ్ అనే నియంత్రణ సంస్థ గరిష్ఠ పరిమితి నిర్ణయిస్తుంది. దాని ప్రకారం ఓ మోస్తరు వాడకం ఉన్న కుటుంబానికి ఏడాది ఖర్చు 2021 అక్టోబరులో 1,277 పౌండ్లు. 2022 ఏప్రిల్‌లో 1,971. అదే అక్టోబరుకల్లా 3,549కి చేరాల్సింది. ప్రభుత్వం జోక్యం చేసుకుని 2,500 దగ్గర ఆపింది. అంటే అప్పటి లెక్కలో రెండు లక్షల రూపాయల పైమాటే!

తర్వాత ధరలు కొంత దిగొచ్చాయి. కానీ 2025లో కూడా 2021 నాటి స్థాయికి రాలేదు. దాంతో ఆ చలికాలంలో నేర్చుకున్న పొదుపు చాలా ఇళ్లలో అలాగే నిలిచిపోయింది.

మనిషిని వేడి చేస్తే చాలు

పొదుపు సలహాలతో బ్రిటన్‌లో ఇంటింటికీ తెలిసిన మార్టిన్ లూయిస్ అప్పట్లో ఒక మాటని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. ఇంటిని కాదు, మనిషిని వేడి చేసుకోండి అన్నది దాని సారాంశం. ఒక్కరే ఒక గదిలో కూర్చుని చదువుకుంటున్నప్పుడు నాలుగు గదుల గాలినీ వేడి చెయ్యడం ఎందుకన్నది ప్రశ్న.

దీని వెనకున్న లెక్క చిన్నదే. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి దాదాపు 100 వాట్ల వేడి బయటికి పోతుంటుంది. అంటే మనిషే ఓ చిన్న హీటర్! ఆ వేడిని పోనివ్వకుండా పట్టి ఉంచితే సగం పని అయిపోయినట్టే. ఒక మందపాటి స్వెట్టర్ కన్నా రెండు మూడు పలుచటి దుస్తులు ఒకదానిమీద ఒకటి వేసుకుంటే ఎక్కువ వెచ్చగా ఉండటానికి కారణమూ అదే. పొరల మధ్య చిక్కిన గాలి వేడిని బయటికి పోనివ్వదు.

ఇక కరెంటు సంగతి. 2022 అక్టోబరు నుంచి అక్కడ యూనిట్ కరెంటు దాదాపు 34 పెన్నీలు పడింది. గాలిని వేడి చేసే 2,000 వాట్ల హీటర్‌ని గంటసేపు వేస్తే రెండు యూనిట్లు... అంటే 68 పెన్నీలు. అదే ఒంటికి కప్పుకునే 100 వాట్ల ఎలక్ట్రిక్ దుప్పటికి గంటకి మూడున్నర పెన్నీలు కూడా కావు. చదువుకునేటప్పుడు కాళ్లమీద, పడుకునేముందు పరుపుమీద అది ఉంటే చాలనేది అందుకే. ఇంకా చవగ్గా కావాలంటే హాట్ వాటర్ బ్యాగ్ ఉండనే ఉంది.

అలాగని ఎలక్ట్రిక్ హీటర్ కొనేసి సెంట్రల్ హీటింగ్‌ని పూర్తిగా మానేస్తే ఆదా అవుతుందనుకోవడం పొరపాటు. అక్కడ యూనిట్ గ్యాస్ కన్నా యూనిట్ కరెంటు మూడు నాలుగు రెట్లు ఖరీదు. రెండు మూడు గదుల్ని వెచ్చబరచాలంటే బాయిలరే చవక.

ఇంట్లో వేడి ఇంట్లోనే

ఉన్న హీటింగ్‌నే తెలివిగా వాడుకునే మార్గాలూ ఉన్నాయి. కాంబీ బాయిలర్లలో చాలావాటిని రేడియేటర్లకి 70-80 డిగ్రీల నీళ్లు పంపేలా అమర్చి ఉంచుతారు. దాన్ని 60కి తగ్గిస్తే గ్యాస్ వాడకం 6 నుంచి 8 శాతం తగ్గుతుందని అక్కడి హీటింగ్ రంగ నిపుణులు లెక్కగట్టారు. గది వేడెక్కడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే. అయితే వేణ్నీళ్లని ట్యాంకులో నిల్వ చేసే ఇళ్లలో ఆ నిల్వ నీళ్లు 60 డిగ్రీలకి తగ్గకూడదు. తగ్గితే లెజియోనెల్లా అనే ప్రమాదకర బ్యాక్టీరియా పెరగొచ్చు.

చాలా రేడియేటర్లకి పక్కన అంకెలున్న చిన్న మర ఉంటుంది. వాడని గదిలో దాన్ని తగ్గించి, తలుపు మూసేస్తే సరి. రేడియేటర్‌కి అడ్డంగా సోఫా ఉంటే ఆ వేడంతా సోఫాకే! పొడవాటి పరదా రేడియేటర్ మీద పడితే వేడి కిటికీ వైపుకి పోతుంది. పొద్దుగూకగానే మందపాటి పరదాలు దించడం, తలుపు కింది సందులో గుడ్డతో కుట్టిన పొడవాటి దిండు పెట్టడం, ఉత్తరాలు వేసే కంతకి బ్రష్ బిగించడం... ఇవన్నీ అక్కడి అమ్మమ్మల కాలం నాటి చిట్కాలే. కొత్త బిల్లు చూసి మళ్లీ గుర్తుచేసుకున్నారు.

ఇంట్లో భరించలేనివాళ్ల కోసం 2022-23 చలికాలంలో గ్రంథాలయాలూ చర్చిలూ తలుపులు తెరిచాయి. వాటికి ‘వార్మ్ బ్యాంక్’లని పేరు. పగలంతా వెచ్చగా కూర్చోవచ్చు. చాలాచోట్ల వేడి టీ కూడా ఇచ్చేవారు. సంపన్న దేశంలో చలి కాచుకోవడానికి ఇల్లు వదిలి వెళ్లాల్సి రావడం... అక్కడివాళ్లనే కలవరపెట్టిన సంగతది.

తలా ఓ దారి

మనిషిని వెచ్చగా ఉంచే విద్య కొత్తదేం కాదు. జపాన్‌లో ‘కొతాత్సు’ ఉంటుంది. పొట్టి బల్ల, దానిమీద నేలదాకా జారే బొంత, అడుగున చిన్న హీటర్. కాళ్లు లోపల పెట్టుకుని ఇంటిల్లిపాదీ దాని చుట్టూ కూర్చునే తింటారు, కబుర్లాడతారు. కశ్మీరీలు వదులైన ఫెరన్ లోపల కాంగ్డీ పట్టుకుని తిరుగుతారు. మట్టి మూకుడులో నిప్పులు, చుట్టూ వెదురు లాంటి పుల్లలతో అల్లిన బుట్ట... అదే కాంగ్డీ.

పాలకులూ ఈ పాఠం చెప్పినవాళ్లే. 1977 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ స్వెట్టర్ వేసుకుని టీవీలో కనిపించి, పగలు 65, రాత్రి 55 ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గర హీటింగ్ పెట్టుకోమని కోరాడు. అంటే దాదాపు 18, 13 సెల్సియస్ డిగ్రీలు. జపాన్ ప్రభుత్వం 2005లో ‘వార్మ్ బిజ్’ పేరుతో ఆఫీసుల్లో హీటింగ్‌ని 20 డిగ్రీలకి పరిమితం చేసుకుని వెచ్చటి బట్టలు వేసుకోమంది. 2022లో జర్మనీ ప్రభుత్వ కార్యాలయాల్లో 19 డిగ్రీలు దాటొద్దని నిబంధన పెట్టింది.

18... ఇదే లక్ష్మణరేఖ

మరి ఎంతవరకు తగ్గించుకోవచ్చు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం చలి దేశాల్లో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలి. వృద్ధులూ చిన్నపిల్లలూ జబ్బులున్నవాళ్లూ ఉంటే ఇంకాస్త ఎక్కువే అవసరం కావచ్చు. ఎందుకంటే చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి. రక్తపోటు పెరుగుతుంది. గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎక్కువవుతుంది. ఊపిరితిత్తుల జబ్బులు ముదురుతాయి. పాతికేళ్ల విద్యార్థి రగ్గు కప్పుకుని సరదాగా గడిపేసే గదే, మనవణ్ని చూడ్డానికి వెళ్లిన అరవై ఏళ్ల అమ్మకి ప్రమాదం కావచ్చు.

రెండో శత్రువు గోడమీద కనిపిస్తుంది. వంటావిరి, స్నానాల గది ఆవిరి, ఇంట్లోనే ఆరేసిన బట్టల తడి... ఇవన్నీ గాలిలో కలిసి చల్లటి గోడని తాకగానే నీటి బొట్లవుతాయి. ఒక్క విడత ఉతికిన బట్టలు ఆరేసరికే దాదాపు 2 లీటర్ల నీరు గదిలోకి చేరుతుంది. ఆ తడికి నల్లటి బూజు పడుతుంది. రోజూ అన్నం, పప్పు, పులుసు వండుకునే మన ఇళ్లలో ఆవిరికేం తక్కువ! గిన్నెలమీద మూత పెట్టాలి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యాలి. చలి వస్తుందని కిటికీ పైనుండే గాలి సందుల్ని మూసెయ్యకూడదు. జర్మన్లు గడ్డకట్టే చలిలోనూ రోజూ కాసేపు కిటికీలు బార్లా తెరుస్తారు. అయిదు పది నిమిషాల్లో తేమ గాలి పోతుంది, గోడల్లో వేడి మిగులుతుంది.

బూజే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. రోచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు 2020 డిసెంబరులో చనిపోయాడు. ఇంట్లోని బూజువల్ల వచ్చిన శ్వాసకోశ వ్యాధే కారణమని 2022లో విచారణ తేల్చింది. ఆ బాబు పేరుతో వచ్చిన చట్టం ఇంగ్లండ్‌లోని సామాజిక గృహాల్లో 2025 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ప్రమాదకరమైన తేమా బూజూ ఉన్నాయని తెలిస్తే యాజమాన్యం గడువులోగా బాగుచెయ్యాలి.

అసలు మందు ఇల్లే

ఎన్ని రగ్గులు కప్పినా ఇల్లు జల్లెడలా ఉంటే లాభం లేదు. బ్రిటన్‌లో పాత ఇళ్లు ఎక్కువ. రక్షణ పొరలు లేని ఇంట్లో దాదాపు మూడో వంతు వేడి గోడల్లోంచీ, నాలుగో వంతు పైకప్పులోంచీ పోతుంది. అటక మీద 270 మిల్లీమీటర్ల మందాన ఉన్నిలాంటి పొర పరిస్తే ఆ నష్టం బాగా తగ్గుతుంది. అద్దెకుండేవాళ్లు ఆ పని చేయించలేరు. కానీ ఇల్లు ఎంచుకునేటప్పుడు ఒకటి చెయ్యొచ్చు. ప్రతి ఇంటికీ ఈపీసీ అనే ధ్రువపత్రంలో ‘ఏ’ నుంచి ‘జి’ దాకా గ్రేడు ఉంటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో ‘ఇ’ కన్నా తక్కువ ఉన్న ఇంటిని, కొన్ని మినహాయింపులు తప్ప, అద్దెకివ్వకూడదు. అద్దె కాస్త తక్కువని అడుగు గ్రేడు ఇంట్లో చేరితే ఆ తేడా గ్యాస్ బిల్లులో కట్టాల్సిందే. అద్దెలోనే బిల్లులు కలిపారా, లేదా అన్నదీ ముందే తేల్చుకోవాలి.

చలికి ఓర్చుకోవడం వేరు, చలిని తెలివిగా దాటడం వేరు. కాళ్లకి సాక్సులు, ఒంటికి పొరలు, చేతికి వేడి టీ కప్పు... ఇవి తెలివి. థర్మామీటరు 18కి కిందికి జారుతున్నా, వేళ్లు కొంకర్లు పోతున్నా బిల్లుకి భయపడి మీట ముట్టకపోవడం మాత్రం పొదుపు కాదు. పిల్లలకి ఫోన్ చేసినప్పుడు ‘తిన్నావా’ అని ఎలాగూ అడుగుతాం. చలికాలంలో మరో ప్రశ్న కూడా అడగాలి... ‘గదిలో ఎన్ని డిగ్రీలుంది?’

ఇవి మరవొద్దు!

* హాట్ వాటర్ బ్యాగ్‌లో సలసల మరిగే నీళ్లు పొయ్యొద్దు. బ్యాగ్ మీద పువ్వు ఆకారంలో ఓ గుర్తు ఉంటుంది. అందులోని అంకె అది తయారైన ఏడాదిని చెబుతుంది. రెండేళ్లకోసారి మార్చాలి.

* ఎలక్ట్రిక్ దుప్పటిని మడతపెట్టి వాడొద్దు. దానితోపాటు హాట్ వాటర్ బ్యాగ్ పెట్టొద్దు.

* పసిపిల్లల పక్కలో రెండూ వద్దు. వాళ్ల గది 16 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే చాలు. మరీ వెచ్చగా కప్పినా ప్రమాదమే.

* మూసిన గదిలో బొగ్గుల కుంపటిగానీ బార్బెక్యూగానీ పెట్టొద్దు. వాటినుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

* బాయిలర్ ఉన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందో లేదో చూడాలి. ఇంగ్లండ్‌లో అద్దె ఇళ్లకి 2022 అక్టోబరు నుంచి ఇది తప్పనిసరి.