ఖర్జూరానికీ భోజనానికీ మధ్య

రంజాన్ నెలలో మగ్రిబ్ అజాన్ వినగానే ఖర్జూరం తిని, మంచినీళ్లు తాగి నమాజుకు లేస్తాం. తిరిగొచ్చాకే భోజనం. ఈ పావుగంటలో కడుపులో ఏం జరుగుతుందో ఎప్పుడైనా ఆలోచించారా?

జీర్ణావయవాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటూ పనిచేస్తాయి. ఈ పనంతా నరాలదేనని ఒకప్పుడు నమ్మేవారు. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే శాస్త్రవేత్తలు ఒక కుక్క చిన్నపేగులో కొంతభాగానికి నరాల సంబంధం తెంచి, అందులో ఆమ్లం వేశారు. అయినా క్లోమరసం ఊరింది! పేగు గోడనుంచి ఏదో పదార్థం రక్తంలో కలిసి క్లోమానికి కబురు చేరవేసిందన్నమాట. దానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. ఇటువంటి పదార్థాలను 1905లో స్టార్లింగ్ 'హార్మోన్లు' అన్నారు.

కడుపు ఖాళీగా ఉన్నప్పుడు గ్రెలిన్ అనే హార్మోన్ ఆకలి పుట్టిస్తుంది. ఆహారం చేరగానే గ్యాస్ట్రిన్ జీర్ణాశయంలో ఆమ్లం ఊరేలా చేస్తుంది. ఆ ఆమ్లం పేగును దెబ్బతీయకుండా సెక్రెటిన్ క్షార గుణమున్న క్లోమరసాన్ని రప్పిస్తుంది. కొవ్వు తగిలితే కోలిసిస్టోకైనిన్ పిత్తాశయాన్ని పిండి పిత్తరసాన్ని విడుదల చేయిస్తుంది. 'ఇక చాలు' అని మెదడుకు చెప్పేదీ ఇదే. జి.ఎల్.పి-1 అనేది ఇన్సులిన్‌ను పెంచి, జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అయ్యేలా చూస్తుంది.

అయితే కడుపు నిండిందన్న కబురు మెదడుకు అందడానికి పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుందని వైద్యులంటారు. ఈలోగా సమోసాలు, మిరపకాయ బజ్జీలు, హలీం, షర్బత్ ఆబగా లాగించేస్తే, కబురు అందేసరికే కడుపు బరువెక్కిపోతుంది. పిత్తాశయంలో రాళ్లున్నవారికి ఒక్కసారిగా నూనె పదార్థాలు తింటే భరించలేని నొప్పి రావచ్చు. మధుమేహం ఉన్నవారికి తీపి షర్బత్‌తో చక్కెర ఒక్కసారిగా పెరుగుతుంది.

మధుమేహులు రోజాకు ముందే వైద్యుణ్ణి కలిసి మాత్రలు, ఇన్సులిన్ వేళలు, మోతాదు మార్పించుకోవాలి. రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాములకు తగ్గినా, 300 దాటినా ఆ రోజు ఉపవాసం విరమించాలన్నది వైద్యుల సలహా. వ్యాధిగ్రస్తులకు ధర్మమే సడలింపు ఇచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు మొహమాటంతో దాచుకుంటే పిల్లలే అడిగి తెలుసుకోవాలి.

ఖర్జూరంతో కడుపును మేల్కొలిపి, నమాజు తర్వాత నిదానంగా భోంచేయడం మన ఇళ్లలో ఉన్న అలవాటే. ఆ విరామాన్ని కాపాడుకుందాం. హార్మోన్లు తమ కబురు చేరవేయడానికి వాటికి కావలసింది ఆ కాస్త సమయమే.