నీటి ఆపదలో ప్రాణరక్షణ – ప్రజల చందా

నీటిలో మునిగిపోతున్న మనిషిని కాపాడటం పుణ్యమని అంగీకరించని వారుండరు. అయితే ఆ పుణ్యానికి పడవ, త్రాడు, ఇంధనం, అభ్యాసం కావాలనీ, అవన్నీ డబ్బుతో సమకూరవలసినవేననీ ఆలోచించేవారు తక్కువ. పైగా ఆ డబ్బు ఆపద రాకముందే చేరాలి. చిక్కంతా ఇక్కడే ఉంది.

చెన్నూరు సముద్రానికి ఎంతో దూరం. కాని గోదావరి ఒడ్డున ఉన్న ఊరికి నీటి భయం కొత్త కాదు. 2022 జూలై వరదలలో చెన్నూరు మండలం సోమనపల్లి వద్ద ఇద్దరు నీటి మధ్య చిక్కుకొని ట్యాంకు ఎక్కి ప్రాణాలు నిలుపుకున్నారు. వారిని తీసుకురావడానికి వైమానిక దళం హెలికాప్టరు పంపవలసి వచ్చింది. అన్నిసార్లూ హెలికాప్టరు అందదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద గోదావరిలో పర్యాటకుల పడవ మునిగినప్పుడు డెబ్బయికి పైగా ఉన్న వారిలో 26 మంది బ్రతికారు. ముందుగా చేరి వారిని ఒడ్డుకు చేర్చింది సమీప గ్రామస్థులే, తమ సొంత పడవలతో. వారికి జీతం లేదు, జాకెట్టు లేదు.

ఇటువంటి స్వచ్ఛంద సేవను ప్రజల చందాతో స్థిరంగా నిలబెట్టిన పాత ఉదాహరణ బ్రిటను దేశపు లైఫ్‌బోటు సంస్థ. సర్ విలియం హిల్లరీ ప్రేరణతో 1824 మార్చి 4న అది ఏర్పడింది. మొదటి ఉత్సాహం చల్లారగానే రాబడి తగ్గింది. 1854 నుండి కొంతకాలం ప్రభుత్వ సహాయం తీసుకొని, 1869లో దానిని వదులుకొంది. 1886 డిసెంబరులో 'మెక్సికో' అనే జర్మను ఓడ సిబ్బందిని కాపాడబోయి రెండు లైఫ్‌బోట్ల వారు 27 మంది మరణించారు. ఓడలోని 12 మందిని మూడవ పడవ కాపాడింది. చనిపోయిన వారి భార్యాబిడ్డలకు విరాళాలు వెల్లువెత్తాయి. పడవలు నడిపే నిధి మాత్రం కొద్దిమంది సంపన్నుల మీదనే ఆధారపడి ఉండిపోయింది. చనిపోయిన వారి కోసం విప్పిన సంచి, బ్రతికించవలసిన వారి కోసం విప్పలేదన్నమాట.

నూలు మిల్లుల యజమాని చార్లెస్ మకారా దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. 1891 అక్టోబరులో, సముద్రం లేని మాంచెస్టరు నగరంలో, బ్యాండు మేళంతో లైఫ్‌బోట్లను బండ్ల మీద ఊరేగించారు. పొడవాటి కర్రలకు సంచులు కట్టి మేడల కిటికీల వరకు, ట్రాముల పైఅంతస్తు వరకు అందించారు. ఐదువేల పౌన్లకు పైగా పోగయింది. పదిమంది ఇచ్చే వేలకు బదులు పదివేలమంది ఇచ్చే నాణేలు సంస్థకు ఊపిరి అయ్యాయి. ఆ మాంచెస్టరు వ్యాపారులే అంతకుముందు బీరారు పత్తి కోసం ప్రాణహిత, గోదావరుల మీద పడవల రవాణాను కోరారు. ఆ పథకాన్ని 1871లో విడిచిపెట్టారు. నది మీద సరుకు పోవాలన్న తలంపు అప్పట్లో చాలామందికి కలిగింది, నదిలో పడిన మనిషి మాట ఎంతమందికి తోచిందో!

ఇస్లామీయ ధర్మశాస్త్రం ప్రకారం ఈ చందా ఏ పద్దు క్రిందికి వస్తుంది? జకాత్‌కు అత్‌తౌబా సూరాలో ఎనిమిది వర్గాలు నిర్ణయమై ఉన్నాయి. జకాత్ పైకం అర్హుడైన వ్యక్తికి సొంతం కావాలన్నది హనఫీ ఫఖీహుల షరతు కనుక, దానితో పడవ కొనడం వారి దృష్టిలో చెల్లదు. అల్లాహ్ మార్గం అన్న వర్గాన్ని విశాలంగా గ్రహించే ఆధునిక పండితులు కొందరున్నారు. వివాదంలోకి పోనక్కరలేదు, సదఖాకు ఆ కట్టుబాటు లేదు. రక్షణలో మరణించిన పేద మనిషి కుటుంబానికైతే జకాత్ కూడా చేరవచ్చు.

ఇంతకన్నా తగినది వఖ్ఫ్. వఖ్ఫ్ అంటే భూమి, మసీదు అని మాత్రమే అనుకోవడం పొరపాటు. గుర్రాలు, ఆయుధాలు వఖ్ఫ్ చేయడం ఆది నుండీ ఉంది. వాడుకలో ఉన్న ఇతర చరవస్తువులకూ ఇమామ్ ముహమ్మద్ దీనిని అనుమతించారు. ఉస్మానియా రాజ్యంలో నగదు వఖ్ఫ్ మీద గట్టి వాదం నడిచినా ఆచారం మాత్రం విస్తృతంగా సాగింది: మూలధనం కదలదు, రాబడి ఖర్చవుతుంది. పడవ ఒకసారి కొంటే సరిపోదు. ఏటేటా తారు, ఇంజను మరమ్మతు, త్రాళ్ళు, ఈతగాళ్ళ అభ్యాసం ఉంటాయి. వీటికి కావలసింది స్థిరమైన రాబడే.

చెన్నూరు వంటి చోట ఆ పడవ నడపగలవారు నదిని ఎరిగిన జాలరులే. చందా పుస్తకం అందరి ముందు తెరచి ఉంచాలి, పడవ వానాకాలానికి ముందే ఒడ్డున సిద్ధంగా ఉండాలి, ఎక్కించుకొనేటప్పుడు ఎవరి మతమూ అడగకూడదు. ఖర్చు లెక్క ఏటా జూన్‌కు ముందే చదివితే, లోటు ఎంతో వరద రాకముందే తెలుస్తుంది.