గోడ ఎత్తెంత?

1948నాటి ఫ్యాక్టరీల చట్టంలో 27వ సెక్షను చిన్నది. పత్తి ప్రెస్సింగు ఫ్యాక్టరీలో దూదిని విప్పే యంత్రం నడిచే చోట స్త్రీలను, పిల్లలను పనికి పెట్టరాదన్నది. అయితే పత్తి అందించే కొసకూ, దూది వెలువడే కొసకూ నడుమ కప్పుదాకా గోడ ఉంటే, అందించే వైపు పెట్టవచ్చునన్నది. అంత ఎత్తు లేకున్నా, ఇన్‌స్పెక్టరు లిఖితపూర్వకంగా నిర్ణయించిన ఎత్తయినా చాలునన్నది. ప్రాణమంతా ఆ 'లిఖితపూర్వకంగా' అన్న మాటలోనే ఉండేది. దానిని దాటవేసి చదివే యజమానికి నడుమెత్తు గోడయినా గోడే!

గుంటూరు, ప్రకాశం సీమలో పత్తికి తోడు మిరప. ముక్కుకు కొంగు చుట్టుకొని ముచ్చికలు తీసే స్త్రీలకూ, కారం మిల్లులోని పనివారికీ ఘాటు ఒక్కటే. చట్టం అడిగినది మాత్రం తలల లెక్క. విద్యుచ్ఛక్తి వాడేచోట 10 మంది, వాడనిచోట 20 మంది ఉంటేనే ఫ్యాక్టరీ. మస్టరులో తొమ్మిది పేర్లు రాసి, తక్కినవారు మేస్త్రీ మనుషులనడానికి ఇంతకంటె అనువేమున్నది? 1976 సవరణ ఆ దారి మూసినది. గుత్తేదారు తెచ్చినవారు, యజమాని ఎరుగనివారు సైతం, కార్మికులేనన్నది. అయినా మస్టరు రాసే కలం యజమానిదే.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన 2020నాటి వృత్తి భద్రతా స్మృతి ఆ సంఖ్యలను 20కి, 40కి పెంచినది. 10 మంది ఉన్నచోట యజమాని సాధారణ బాధ్యతలు మిగిలినవిగాని, పదిహేనుమందితో నడిచే కారం మిల్లుకు ఫ్యాక్టరీ అన్న పేరు పోయినది. మోటారు మాత్రం ఆగలేదు.