చేతి విద్యకు దారిఖర్చు

కండరములను నానాటికి క్షీణింపజేయు డూషేన్ వ్యాధి ముఖ్యముగా మగపిల్లలకు వచ్చును. డిస్ట్రోఫిన్ అను ప్రోటీను లోపమే దీనికి మూలమని 1987లో తేలినది. జన్యుపరీక్షతో నిర్ణయము కానప్పుడు వైద్యులు కండనుండి చిన్న తునకను తీసి, గడ్డకట్టించి పరీక్షింతురు.

చిక్కంతయు ఇచ్చటనే కలదు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజనులో తునకను నేరుగా వేసినచో దానిచుట్టు వాయుపొర క్రమ్మి, చలి వెంటనే లోనికి పోదు. మంచు స్ఫటికములు పెరిగి కండలో రంధ్రములు పడును. కావున నైట్రోజనుతో చల్లబరచిన ఐసోపెంటేనులో ముంచెదరు. పద్ధతిని పుస్తకము చెప్పును. చేయి మాత్రము ఆరితేరినవారి ప్రక్కన నిలిచియే నేర్చును. తునక చెడినచో పిల్లవానికి మరల కోత తప్పకపోవచ్చును.

అట్లు నేర్వగోరు యువ పరిశోధకునకు పరదేశపు ప్రయోగశాలకు దారిఖర్చు లెవరిత్తురు? ఐరోపాలో 1964లో ఏర్పడిన ఎంబో సంస్థ, జీవశాస్త్ర పరిశోధకులకు మూడు నెలలకు మించని ఇట్టి పయనములకై ప్రయాణ, వసతి వ్యయముల నిచ్చుచున్నది. భారతదేశము 2016లో అనుబంధ సభ్యత్వము పొందుటచే ఈ ద్వారము మనవారికిని అప్పుడు తెరచుకొన్నది. పరిశోధక విద్యార్థులున్న ఇండ్లవారికి ఈ సంగతి తెలియవలెనని మేము తలచితిమి.

వెళ్లివచ్చినవాడు తన శాలలో పదిమందికి నేర్పును. ఒక్కని ప్రయాణముతో ఎందరు పిల్లలకో రెండవ కోత తప్పును.