కుట్టిన పడవలు

మేకు లేని ఓడ సముద్రముపై నిలుచునా అని అడిగితే మనలో చాలమంది నవ్వుతారు. కాని మన బందరు తీరము శతాబ్దముల తరబడి అటువంటి పడవలనే నమ్ముకొన్నది.

1611లో ఆంగ్లేయుల ‘గ్లోబ్’ ఓడ మచిలీపట్నము చేరినది. డచ్చివారు అంతకుముందే వచ్చియున్నారు. ఒడ్డున లోతు చాలదు గనుక పెద్ద ఓడలు దూరముగా లంగరు వేసి ఆగవలసినదే. అక్కడనుండి సరకును, మనుష్యులను ఒడ్డుకు చేర్చినవి చిన్న పడవలు. వానిలో కోరమండల తీరమంతట పేరుపొందినది మసూలా పడవ. ఆ పేరు మన బందరునుండియే వచ్చినదని కొందరందురు, కాదని మరికొందరు. ఆ తగవు పండితులకు విడిచి, పడవ సంగతి చూతము.

పలకల అంచులలో బెజ్జములు వేసి, అతుకు వెంబడి ఎండుగడ్డి పరచి, కొబ్బరిపీచు త్రాటితో బిగించి కుట్టేవారు. లోపల ప్రక్కటెముకలవంటి అడ్డకొయ్యలు ఉండవు. మేకులతో బిగించిన పడవను అల ఎత్తి ఇసుకపై వేసినచో అతుకు విచ్చిపోవును. కుట్టిన పడవయో, గంపవలె వంగి, దెబ్బను ఒడలంతట పంచుకొని మరల సర్దుకొనును. నీరు కొంత ఊరుట నిజమే. దానిని తోడిపోయుటకు ఒక మనిషి ఉండేవాడు.

ఈ విద్య ఇటీవల పెద్ద ఓడపై పరీక్షకు నిలిచినది. అజంతా చిత్రములోని ఓడను చూచి మన దేశమున కట్టిన ‘కౌండిన్య’ను కొబ్బరిత్రాటితోనే కుట్టినారు. 2025 డిసెంబరు 29న పోరుబందరు విడిచి, తెరచాపలతో సాగి, 2026 జనవరి 14న అది ఒమానులోని మస్కటు చేరినది. కౌండిన్యుడు ఆగ్నేయాసియాకు ఓడ నడిపెనని ప్రతీతి. అట్టి యాత్రలు మనకు పరాయివి కావు. దివిసీమలోని ఘంటసాల ప్రాకృత శాసనములో శివకుడను మహానావికుడు కనబడుచున్నాడు.

అయితే ‘కౌండిన్య’ను కుట్టిన చేతులు కేరళ పనివారివి. హవాయివారికిని ఇట్టి లోటే తటస్థించినది. వారు 1975లో ‘హోకులేయా’ అను జంటపడవను కట్టినారు గాని, నక్షత్రములను, అలలను చూచి దారి తీయు విద్య అక్కడ అంతరించినది. మరుసటి సంవత్సరము సతవాల్ ద్వీపమునుండి మౌ పియైలుగ్ వచ్చి తాహితికి దారి చూపినాడు. 2007లో ఆ పడవ సతవాల్ దర్శించి, జపానుకు పోయినది. హవాయి చెరకుతోటలకు వలసపోయినవారి స్వస్థలములను పలుకరించినది. 2001లో హవాయి దగ్గర అమెరికా జలాంతర్గామి తగిలి మునిగిన ‘ఎహిమే మారు’ ఓడలో తొమ్మండుగురు మరణించినారు. ఆ ఓడ స్వస్థలమైన ఉవాజిమ రేవునను హోకులేయా ఆగినది. ఇంజను లేని పడవ ఎదుట దుఃఖితులు తలుపు మూయలేదు.

మన ఒడ్డున నేడు ఫైబరు పడవలు నిలిచినవి. మీ ఇంటి పెద్దలలో పడవ కుట్టుట చూచినవారుంటే, బెజ్జమునకు బెజ్జమునకు ఎంత ఎడము విడిచేవారో, లోపల పెట్టిన గడ్డి ఏదో అడిగి వ్రాసి ఉంచండి.