గూడు కోయకుండా లోపలి నాణ్యం తెలుసుకోవచ్చా?



మార్కెట్లో మన గూళ్లకు రేటు ఎట్లా పడుతుందో అందరికీ తెలుసు. రీలరు గుప్పెడు తీసుకుంటాడు, వేళ్లతో నొక్కుతాడు, రెండు మూడు కోసి చూస్తాడు. అంతే, పాట మొదలు. కిలోకు 20 రూపాయలు తగ్గినా క్వింటాకు 2,000 పోయినట్టే. కోసిన గూడు మళ్లీ దారానికి పనికిరాదు, కాబట్టి అన్నీ కోసి చూడటం కుదరదు. మరి కోయకుండా చూసే దారి లేదా అని చాలామంది అడుగుతున్నారు.

*శబ్దంతో పరీక్ష*

వస్తువును పాడు చేయకుండా లోపల చూడటానికి అల్ట్రాసౌండ్ వాడతారు. సెకనుకు 20,000 సార్లకు పైగా అదిరే, మన చెవికి వినపడని శబ్దం అది. కల్పాక్కం అణు పరిశోధన కేంద్రంలో ఇనుప గొట్టాల పగుళ్లు దీంతో పట్టుకుంటారు. చెన్నై ఐఐటీలో ఈ పరీక్షల కోసమే ఒక కేంద్రం ఉంది. పోగులతో చేసిన ప్లాస్టిక్ పలకలను కూడా అక్కడ పరీక్షిస్తారు.

పోగులున్న వస్తువులో శబ్దం పోగు వెంట వేగంగా పోతుంది, అడ్డంగా నెమ్మదిగా పోతుంది. చెక్కలో ఈ తేడా మూడు రెట్ల దాకా ఉంటుంది. పోగు ఎంత బిగువుగా ఉంటే వేగం అంత ఎక్కువ. అందుకే ఆ వేగం కొలిచి పోగు బిగువు చెప్పగలరు.

*గూటి దగ్గర చిక్కేమిటి?*

గాలి. ఆస్పత్రిలో స్కానింగ్ చేసేటప్పుడు పొట్టకు జిగురు మందు పూస్తారు కదా, మధ్యలో గాలి లేకుండా చేయడానికే అది. గాలి తగిలితే శబ్దం దాదాపు అంతా వెనక్కి తిరిగిపోతుంది. మన గూటి పొరల మధ్య గాలి, లోపల గాలి. జిగురు పూస్తే గూడు పాడు. గాలిలోంచే శబ్దం పంపే యంత్రాలు ఉన్నాయి, కాగితానికి, పలకలకు వాడతారు. మన సంత గూళ్లకు మాత్రం ఇంకా అందుబాటులోకి రాలేదు.

*అందాకా మన చేతిలో ఉన్నవి*

1. *చెవి:* గూడును చెవి దగ్గర ఆడించండి. ప్యూపా బాగా ముదిరి ఉంటే టక్ టక్ మని తగులుతుంది. చప్పుడే లేకపోతే లోపల కరిగి అంటుకుని ఉండొచ్చు. బైవోల్టిన్ అయితే చంద్రికకు ఎక్కించిన 7, 8వ రోజు దాకా ఆగండి. తొందరపడి విడిపిస్తే లేత ప్యూపా చితికి లోపల మరక పడుతుంది.

2. *వెలుతురు:* చీకటి గదిలో అద్దం కింద లైటు పెట్టి గూళ్లు పరిచి చూడండి. లోపలి మరక, పలుచని కొనలు కనపడతాయి. మరక గూళ్లు, జంట గూళ్లు, ఊజీ రంధ్రం ఉన్నవి వేరు చేయండి.

3. *త్రాసు:* పై వరస, కింది వరస చంద్రికల నుంచి కలిపి 20 గూళ్లు మాత్రం కోయండి. ఆడవి 10, మగవి 10 ఉండాలి, ఎందుకంటే ఆడ ప్యూపా బరువు ఎక్కువ. మొత్తం 36 గ్రాములు, ఒట్టి పొరలు 7.2 గ్రాములు తూగితే షెల్ శాతం 20. బైవోల్టిన్‌కు ఇది మంచి లెక్క. సీబీకి ఇంతకంటే తక్కువే వస్తుంది.

*ఈ మూడింటికీ అందనిది*

దారం తెగకుండా వస్తుందా అనేది బరువులో తెలియదు, వెలుతురులో కనపడదు. అది గూడు కట్టే రోజుల్లోనే తేలిపోతుంది. ఆ రోజుల్లో వేడి 24, 25 డిగ్రీలు, గాలిలో తేమ 60 నుంచి 65 శాతం ఉండాలి. తేమ ఎక్కువైతే పొరల జిగురు గట్టిగా పట్టుకుని దారం తెగుతుంది. మన వైపు ఐప్పసి, కార్తీక వానల్లో షెడ్డు కిటికీలు మూసేస్తుంటాం, అక్కడే నష్టం. పురుగు మూత్రం ఆరేలా గాలి ఆడనివ్వండి, చంద్రిక కింద పాత కాగితాలు పరిచి మారుస్తూ ఉండండి.

ప్రతి పంటకూ షెల్ శాతం, విడిపించిన రోజు, వచ్చిన రేటు ఒక నోటుబుక్కులో రాసుకోండి. మార్కెట్లో పాటకు ముందే మన లెక్క మనం చెప్పగలిగితే, వేళ్లతో నొక్కి చెప్పే రేటుకు తల ఊపాల్సిన పని ఉండదు. మీ లెక్కలు ఈ గ్రూపులో పెట్టండి, వచ్చే పంటకు అందరివీ పక్కపక్కన పెట్టి చూద్దాం.