పూర్తికాని ప్రోగ్రాంను పదిమందికీ ఇవ్వవచ్చునా?

'జ్ఞానం' అన్న మాట మీరు తరచు రాస్తూనే ఉంటారు. అందులోని 'జ్ఞా' అన్న ఒక్క అక్షరం ఎంతో ఖరీదైన ఫోనును పడగొట్టగలదంటే నమ్ముతారా? 2018 ఫిబ్రవరిలో అదే జరిగింది. యాపిల్ కంపెనీ ఐఫోనుకు 'జ్ఞా' అన్న అక్షరం ఒక ప్రత్యేకమైన రూపంలో సందేశంగా వచ్చి తెర మీద కనబడబోయేసరికి, ఆ సందేశాన్ని చూపవలసిన ప్రోగ్రాం కుప్పకూలిపోయేది. కొన్ని ఫోన్లలో స్ప్రింగ్‌బోర్డ్ అనే ముఖ్యమైన ప్రోగ్రామే పడిపోయింది. మనం ఫోను తెరవగానే వరుసగా బొమ్మలు కనిపిస్తాయే, ఆ తెరను నడిపేది స్ప్రింగ్‌బోర్డే.

ఇంతకీ తప్పు మన అక్షరానిది కాదు. కంప్యూటరుకు 'జ్ఞా' ఒకే గుర్తు కాదు. జ, దాని కింద పొల్లు, ఞ, దీర్ఘం - ఇలా విడివిడి సంకేతాలుగా అది లోపల నిలవ ఉంటుంది. తెర మీద చూపించేటప్పుడు ప్రోగ్రాం వాటిని కలిపి ఒక్క అక్షరంగా గీస్తుంది. ఆ సంకేతాల నడుమ కంటికి కనబడని మరొక గుర్తు ఉన్నది. 'అక్షరాలను ఇక్కడ కలపవద్దు' అని చెప్పటమే దాని పని. అది తోడై సంకేతాలు మొత్తం అయిదైనప్పుడు, గీసే ప్రోగ్రాం తికమకపడి ఆగిపోయింది. మామూలుగా రాసిన 'జ్ఞానం' వల్ల ఏ చిక్కూ రాలేదు. ఫిబ్రవరి 19న యాపిల్ కంపెనీ సవరించిన ప్రోగ్రాంను విడుదల చేసింది.

ఈ సంఘటనలో మనం ఆలోచించవలసిన విషయం ఒకటున్నది. ఆ ప్రోగ్రాంను 'పూర్తయింది' అనుకొనే జనానికి ఇచ్చారు. అయినా లోపం మిగిలింది. అటువంటప్పుడు, 'ఇది ఇంకా పూర్తికాలేదు' అని తెలిసి తెలిసీ ఒక ప్రోగ్రాంను పదిమందికీ ఇవ్వటం తప్పా, ఒప్పా? మీలో కొందరు ఇప్పుడే చిన్న చిన్న ప్రోగ్రాంలు రాస్తున్నారు కదా! అమలాపురంలో ఉన్నా, రాజోలులో ఉన్నా, కొత్తపేటలో ఉన్నా ఈ ప్రశ్న రేపు మీకూ ఎదురవుతుంది. కనుక ఒక ఉదాహరణ తీసుకొని చూద్దాం.

లాంచర్ అంటే ఏమిటి?

కంప్యూటరులో వందల ప్రోగ్రాంలు, వేల ఫైళ్ళు ఉంటాయి. కావలసినదాన్ని వెదుక్కుంటూ ఒక పెట్టెలో పెట్టె తెరుచుకుంటూ పోవటం విసుగు. దీనికి విరుగుడు లాంచర్. ఒక మీట నొక్కితే తెర మధ్యన చిన్న గడి వస్తుంది. అందులో రెండు మూడు అక్షరాలు కొట్టగానే మీకు కావలసినది ముందుకొచ్చి నిలబడుతుంది.

అదెలా సాధ్యం? లాంచర్ ముందుగానే కంప్యూటరు అంతా గాలించి, పేర్లన్నిటితో ఒక పట్టిక తయారుచేసుకుంటుంది. మీరు 'కపు' అని కొట్టారనుకోండి. 'క', తర్వాత 'పు' అదే వరుసలో ఉన్న పేర్లన్నీ ఏరుతుంది. 'కథల పుస్తకం' దొరుకుతుంది, 'కలువ పువ్వులు' కూడా దొరుకుతుంది. ఏది ముందు చూపాలి? మాట మొదట్లో ఉన్న అక్షరానికి ఎక్కువ మార్కులు, మధ్యలో ఉన్నదానికి తక్కువ మార్కులు వేస్తుంది. ఇక్కడ రెండూ సమానమే! అప్పుడు, ఇంతకు ముందు మీరు దేన్ని ఎక్కువసార్లు ఎంచుకున్నారో చూసి దాన్నే ముందు పెడుతుంది. పాత ఖాతాదారు గుమ్మంలో అడుగుపెట్టగానే ఏ సరుకు కట్టాలో కిరాణా కొట్టు యజమానికి తెలిసిపోతుందే, అలాగన్నమాట.

ఈ పనంతా చాలా వేగంగా జరగాలి. మీట నొక్కిన తర్వాత సెకనులో పదోవంతు లోపల జవాబు వస్తే, అది వెంటనే వచ్చినట్లే మనకు తోస్తుంది. అంతకు మించితే ఆలస్యం మనసుకు తెలుస్తుంది.

మోటారు ఒకటే, జార్లు అనేకం

లాంచరులో రెండు భాగాలున్నాయి. వెదికే భాగం లోపలిది. కనిపించే భాగం పైది. దీన్ని 'ముఖం' అందాం. మీ ఇంట్లో మిక్సీ చూడండి. మోటారు ఒకటే. పప్పు రుబ్బటానికి ఒక జారు, కొబ్బరి పచ్చడికి ఒక జారు. జారు అడుగుభాగం మోటారు మీద సరిగ్గా కూర్చోవాలి, అంతే నియమం. అలాగే లాంచరును రాసినవారు ఒక అతుకు నియమాన్ని ప్రకటిస్తే, ఆ నియమం ప్రకారం ఎవరైనా కొత్త ముఖం తయారుచేసి తగిలించవచ్చు. ఇలా తగిలించే ముక్కను ప్లగిన్ అంటారు.

ఇందుకు చక్కని ఉదాహరణ క్విక్‌సిల్వర్ అనే లాంచర్. నికొలస్ జిట్కాఫ్ అనే అమెరికన్ దీన్ని మాక్ కంప్యూటర్ల కోసం తయారుచేసి 2003లో విడుదల చేశాడు. దానికి ఎన్నో ముఖాలు ప్లగిన్లుగా వచ్చాయి. ఇందులో తెలుగువారికి నచ్చే విశేషమొకటి ఉన్నది. ముందు వస్తువును ఎంచుకోవాలి, తర్వాత పనిని ఎంచుకోవాలి. 'పాఠం', 'తెరువు' - ఇదీ వరుస. కర్మ ముందు, క్రియ తర్వాత. అచ్చంగా మన వాక్యమే కదా! ఇంగ్లీషు వాక్యంలోనైతే 'తెరువు' అన్న మాటే ముందు వస్తుంది.

పదేళ్ళ 'బీటా'

భౌతికశాస్త్రంలో మీరు ఆల్ఫా, బీటా కిరణాల గురించి చదివారు. ప్రోగ్రాంల లోకంలో అవే గ్రీకు అక్షరాలకు వేరే అర్థం ఉన్నది. చేసినవారి చేతుల్లోనే పరీక్షలో ఉన్నది 'ఆల్ఫా'. బయటివారి చేతికిచ్చి పరీక్షిస్తున్నది 'బీటా'. అన్నీ సరిపోయాయనుకున్నప్పుడు 1.0 అన్న సంఖ్య ఇస్తారు. సున్నాతో మొదలయ్యే సంఖ్య ఉంటే 'ఇంకా పూర్తికాలేదు సుమా' అని అర్థం.

క్విక్‌సిల్వరుకు 1.0 ఎప్పుడు వచ్చిందో తెలుసా? 2013లో! అంటే పదేళ్ళపాటు అది అసంపూర్తిగానే జనం చేతుల్లో ఉన్నది. జనం దాన్ని ఇష్టంగా వాడారు కూడా. ఈలోగా 2007లో జిట్కాఫ్ దాని మూల రచనను అందరికీ తెరిచిపెట్టాడు. ఆ తర్వాత ఇతరులు స్వచ్ఛందంగా దాన్ని అందుకొని ముందుకు నడిపారు. పూర్తయ్యేదాకా ఎవరికీ చూపించనని ఆయన పట్టుబట్టి ఉంటే, 1.0 అసలు వచ్చేదో లేదో!

లైనక్స్ కంప్యూటర్లలో గ్నోమ్ డూ అనే లాంచర్ ఉండేది. 2009లో దానికి డాకీ అనే కొత్త ముఖం వచ్చింది. తెర అడుగున బొమ్మల వరుసగా నిలిచే ఈ ముఖం ఎంతగా పెరిగిందంటే, 2010లో లాంచరునుంచి విడిపోయి స్వతంత్రమైన ప్రోగ్రాంగా మారింది. కొమ్మే చెట్టయిందన్నమాట!

కాలువా? వంతెనా?

అలాగని అసంపూర్తిగా ఉన్నవన్నీ బయటికి వదలవచ్చునా? వదలకూడదు. ఈ తేడా కోనసీమ పిల్లలకు తేలికగా తెలుస్తుంది.

ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ గోదావరికి ఆనకట్ట కట్టించటం 1847లో మొదలై 1852లో ముగిసింది. డెల్టా కాలువలన్నీ మాత్రం ఒక్కసారిగా పుట్టలేదు. ఏళ్ళ తరబడి పొడిగిస్తూ పోయారు. కాలువ అయిదు మైళ్ళు తవ్వితే అయిదు మైళ్ళ పొలాలు తడుస్తాయి. అయితే చివర తలుపు గట్టిగా ఉండాలి. లేకుంటే నీరు ఊరి మీద పడుతుంది. వంతెన సంగతి వేరు. గౌతమి మీద ఎదుర్లంక, యానాంల మధ్య వారధి పూర్తయ్యేదాకా జనం పంటుల మీదే ఏరు దాటారు. ఒక్క ఖానా తక్కువైనా వంతెన మీద ఎవరూ అవతలి గట్టుకు చేరలేరు.

లాంచరుకు కొత్త ముఖం కాలువ వంటిది. రంగులు కుదరకపోయినా, బొమ్మలు వంకరగా ఉన్నా, వెదకటం జరిగితే కొంత ఉపయోగం ఉన్నది. రోగులకు కిరణ చికిత్స చేసే యంత్రం వంతెన వంటిది. థెరాక్-25 అనే అటువంటి యంత్రం 1985 - 87 మధ్య అమెరికాలోను, కెనడాలోను ఆరుగురికి మితిమీరిన కిరణాలు ప్రసరింపజేసింది. రోగులు మరణించారు కూడా. అందులో ఒక లోపం ఇటువంటిది: యంత్రం నడిపేవారు తప్పుగా కొట్టినదాన్ని చకచకా సరిదిద్దితే, తెర మీద సరైన వివరమే కనిపించేది. లోపల యంత్రం మాత్రం ఆ మార్పును పూర్తిగా అందుకొనేది కాదు. ముఖం ఒకటి చెబుతున్నది, మోటారు మరొకటి చేస్తున్నది! ముఖం పైపై అలంకారమే కదా అని తేలికగా తీసుకోరాదని దీనివల్ల తెలుస్తున్నది.

ఇచ్చేవారి బాధ్యత

మీరు ఒక లాంచరుకు కొత్త ముఖం తయారుచేశారనుకోండి. ముప్పాతిక వంతు పనిచేస్తున్నది. పదో తరగతి పరీక్షలు ముంచుకొస్తున్నాయి. పక్కన పెడితే అది కంప్యూటరులోనే మరుగున పడిపోతుంది. ఇస్తే లోపాలు బయటపడతాయి. ఇవ్వండి. కానీ కొన్ని నియమాలు పాటించి ఇవ్వండి.

మొదటిది, ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. సంఖ్య 0.1 అని వేసి, ఏవి పనిచేస్తాయో, ఏవి చేయవో పక్కపక్కనే రాయాలి. రెండవది, మీ ముక్క వాడేవారి ఫైళ్ళను చెరపరాదు, మార్చరాదు. మూడవది, కొత్త ముఖం పడిపోతే పాత ముఖం దానంతటదే రావాలి. కాలువ చివరి తలుపంటే ఇదే. నాలుగవది, లోపం కనిపిస్తే ఎవరికి చెప్పాలో తెలపాలి. అయిదవది, మూల రచనను తెరిచిపెట్టాలి. మీరు ఆపినచోట మరొకరు అందుకుంటారు.

'బీటా' అన్న బిళ్ళ తగిలించి చేతులు దులుపుకోవటం మాత్రం న్యాయం కాదు. ఒక లోపం వల్ల ఒక్కొక్కరికి 10 నిమిషాలు వృథా అయిందనుకోండి. వందమంది వాడితే 1000 నిమిషాలు, అంటే 16 గంటల 40 నిమిషాలు! మీరు అరగంట కూర్చుని సవరించగలిగిన దానికి పరుల కాలాన్ని అంతగా ఖర్చుపెట్టే హక్కు మీకు లేదు.

పరీక్షించేటప్పుడు 'స్త్రీ', 'లక్ష్మి' వంటి మాటలతో పరీక్షించండి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే గడిలో మన గుడులు పైన, వత్తులు కింద తెగిపోవచ్చు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియనివారికి మీ తెర అర్థమవుతుందా? చూపు లేనివారు తెరను చదివి వినిపించే ప్రోగ్రాంలు వాడతారు. మీ ముఖాన్ని అవి చదవగలుగుతాయా? చదవలేకపోతే ఆ విద్యార్థికి తలుపు మూసినట్లే. 0.1లో ఇది చేయలేకపోతే, చేయలేదని రాయండి. 0.2లో మొదటి పని అదే కావాలి.

మన లిపి కూడా

తెలుగు లిపికి కంప్యూటరు సంకేతాలు యూనికోడ్ అనే ప్రమాణంలో 1991లోనే వచ్చాయి. కానీ అన్నీ అప్పుడే రాలేదు. దంత్యాలైన ౘ, ౙ అక్షరాలు 2008లో చేరాయి. పాత శాసనాలలో కనిపించే ౚ అక్షరం 2015లో, నకారపొల్లు 2021లో చేరాయి. అన్నీ సమకూరేదాకా ఆగుదామనుకుంటే ముప్పయి ఏళ్ళపాటు తెలుగు కంప్యూటరులోకి వచ్చేదే కాదు. ఇచ్చిన సంకేతాలను మాత్రం మళ్ళీ మార్చకుండా, లేనివాటినే చేరుస్తూ వచ్చారు. అందుకే పాత రాతలు చెడిపోలేదు. అసంపూర్తి పనికి ఇది మంచి పద్ధతి.

మీరు చేసి చూడండి

ఒక కాగితం మీద మీ తరగతిలోని 30 మంది పేర్లు రాయండి. స్నేహితుణ్ణి ఎవరో ఒకరి పేరు మనసులో అనుకొని రెండక్షరాలు మాత్రమే చెప్పమనండి. ఆ అక్షరాలు అదే వరుసలో ఉన్న పేర్లు ఏరి, మొదటి అక్షరం కలిసినదానికి 2, మధ్యలో కలిసినదానికి 1 చొప్పున మార్కులు వేయండి. ఎక్కువ మార్కులు వచ్చిన పేరు చెప్పండి. ఇలా 20 సార్లు ఆడి, ఎన్నిసార్లు సరిగా చెప్పారో లెక్కవేయండి. తర్వాత 'ఇంతకు ముందు అడిగిన పేరుకు మరొక మార్కు' అన్న నియమం చేర్చి మళ్ళీ 20 సార్లు ఆడండి. ఫలితం మెరుగయిందా? ఎక్కడెక్కడ తప్పు వచ్చింది?

ఆ తప్పుల పట్టికను చింపి పారేయకండి. మీ నియమాలతోపాటు దాన్ని కూడా పక్క బెంచీవారికి ఇవ్వండి. వారు దాన్ని సరిచేసి మీకు తిరిగి ఇస్తారేమో చూడండి.